నాదమునకు జల్లెడ: విద్యుద్వాద్యములలో ఫిల్టరు కథ



ఒక చిన్న పరీక్షతో మొదలుపెట్టెదను. మీరు కూర్చున్న చోటనే ఒక శ్రుతి పట్టి 'ఊ' అని దీర్ఘముగా పలుకుడు. ఊపిరి తెంపక, శ్రుతి మార్చక, మెల్లగా 'ఓ' లోనికి, అటనుండి 'ఆ' లోనికి రండు. పిమ్మట 'ఈ' యనుడు. కంఠము చేసిన పని ఆద్యంతము ఒక్కటియే. మాఱినది నోటి ఆకారము మాత్రమే. కంఠమునుండి వెడలు నాదములో అనేక సూక్ష్మనాదములు కలసియుండును. నోరు వానిలో కొన్నింటిని పోనిచ్చును, కొన్నింటిని అణచును, కొన్నింటిని పెంచును. ఇల్లాలు పిండిని జల్లెడ పట్టినట్లే నోరు నాదమును జల్లెడ పట్టుచున్నది. మూడేండ్ల బిడ్డ యెవరును నేర్పకయే చేయు ఈ పనిని యంత్రముచేత చక్కగా చేయించుటకు పండితులు నూఱేండ్లు శ్రమపడిరి.

ఆ శ్రమతో మనకేమి పని యందురేమో! నేడు సింథసైజరు అను విద్యుద్వాద్యమును ఒకే యంత్రముగా కొనక, విడివిడి పెట్టెలుగా తెచ్చుకొని, తీగలతో కలిపి, తామే కూర్చుకొను యువజనులు పెక్కుదేశములలో నున్నారు. ఇట్టి వాద్యమునకు మాడ్యులర్ సింథసైజరని పేరు. ఒక పెట్టె నాదమును పుట్టించును. ఒకటి దానిని జల్లించును. ఒకటి బిగ్గరగనో మెల్లగనో వినిపించును. ఆ జల్లించు పెట్టెయే ఫిల్టరు. అంగడిలో ఫిల్టర్లు వందలకొలది కలవు. ఒక్కొక్కటి వేల రూపాయలు పలుకును. మీ మనుమడో మనుమరాలో ఒకనాడు వచ్చి, "తాతయ్యా, ఫిల్టరు కొనుటకు డబ్బు కావలెను" అని యడుగవచ్చును. "ఏ ఫిల్టరు? అదియే యేల?" అని మీరు తిరిగి ప్రశ్నింపగలిగినచో బిడ్డకు మేలు, మీ డబ్బునకును మేలు. ఆ ప్రశ్నకు సమాధానము అంగడివాని మాటలలో కంటె చరిత్రలో ఎక్కువ స్పష్టముగా దొరకును.

కొందఱు పెద్దలు యంత్రనాదము సంగీతమే కాదందురు. వారితో నేను వాదింపను. ఒక్క సంగతి మాత్రము మనవి చేసెదను. ఆకాశవాణియందే 1940 మొదలు మూడు దశాబ్దములు హార్మోనియమునకు ప్రవేశము లేకుండెను. ఇప్పుడు హార్మోనియము లేని భజనమందిరమును మన పల్లెలలో వెదకి చూడుడు.

ముందుగా నాదమును గూర్చి రెండు మాటలు. తంబురా తీగను మీటినపుడు మనకు ఒక్క షడ్జమే వినబడినట్లుండును. చెవి నిలిపి వినినచో దానిపై స్థాయి షడ్జమము, పంచమము, అంతకు మీద గాంధారము, ఇట్లు ఒకదానిపై ఒకటి సన్నగా మ్రోగుచుండును. వీనిని ఉపస్వరములందము. తంబురా మెట్టుపై తీగక్రింద నుంచు జీవ యను దారమును సరిగా కుదిర్చినపుడు ఈ ఉపస్వరములు మేలుకొనును. దారమును తీసివేసినచో తీగ మూగపోయినట్లగును. ఒకే శ్రుతిలో పలుకుచున్నను వీణ వీణగను, సన్నాయి సన్నాయిగను వినబడుటకు ముఖ్యకారణము ఈ ఉపస్వరముల పాళ్లు వేఱగుటయే. చర్మవాద్యములయందు ఇవి సాధారణముగా పొందిక లేక కలగాపులగముగా నుండును. మన మృదంగము మూతపై నల్లని కరణిని పెట్టుటవలన అవి శ్రుతిబద్ధములగుచున్నవని చంద్రశేఖర వేంకట రామన్ గారు 1920లో లోకమునకు తెలిపిరి. ఏనాడో మన వాద్యకారులు చేతితో చేసిన దానిని శాస్త్రము అప్పుడు గుర్తించినది.

ఉపస్వరములను ఒక్కొక్కదానిని విడదీసి వినుటకు మార్గము చూపినవాడు జర్మనీ దేశస్థుడగు హెల్మ్‌హోల్ట్జ్. ఆయన వైద్యము చదివినవాడు, శరీరధర్మశాస్త్రమును బోధించినవాడు. 1863లో స్వరముల వినికిడిని గూర్చి ఒక మహాగ్రంథమును ప్రకటించెను. ఆయన పనిముట్టు మిక్కిలి సులభమైనది. గాజుతోనో లోహముతోనో చేసిన బోలుగోళము. దానికి ఒకవైపు రంధ్రము, ఎదుటివైపు చెవిలో నిముడు సన్నని ముక్కు. రెండవ చెవిని మూసికొని దీనిని చెవిలో నుంచుకొన్నచో, బయట ఎన్ని నాదములున్నను, గోళపు పరిమాణమునకు సరిపోవు స్వరమొక్కటియే గొప్పగా మ్రోగును. ఖాళీకడవ మూతిని చెవికి చేర్చి ఆ హోరు వినని పల్లెటూరివారుండరు. చిన్న కడవ హోరు వేఱు, పెద్ద కాగు హోరు వేఱు. హెల్మ్‌హోల్ట్జ్ అట్టి కడవలను స్వరమునకు ఒకటి చొప్పున అమర్చుకొన్నాడు. అచ్చులను పరీక్షించి, 'ఊ, ఓ, ఆ' లకు నోటిలో ఒక్కొక్క అనునాదము చాలుననియు, 'ఏ, ఈ' లకు రెండు కావలెననియు వ్రాసెను. తరువాతివారు ఈ లెక్కను సవరించిరి గాని, ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. మన ప్రసంగము తుదను దీనితో పనియున్నది.

ఇంతవఱకు జల్లెడ మట్టితోను గాజుతోను చేసినట్టిదే. విద్యుత్తుతో చేసిన జల్లెడ సంగీతముకొఱకు పుట్టలేదు, టెలిఫోనుకొఱకు పుట్టినది. దూరపు ఊళ్ల నడుమ రాగితీగ వేయుటకు అపారమైన ధనము కావలెను. ఒకే తీగజంటపై పలు సంభాషణలను పంపి, అవతలి కొనను వేఱుపఱచుకొనగలిగిన ఎంత ఆదా! అమెరికాలో జార్జి క్యాంబెల్, జర్మనీలో కార్ల్ విల్లీ వాగ్నర్, ఒకరి సంగతి యొకరికి తెలియకయే, 1915 ప్రాంతమున ఈ చిక్కును విప్పిరి. క్యాంబెల్‌కు 1917లో పేటెంటు లభించెను. ఇందలి సూత్రము తేలికయైనది. తీగచుట్ట మెల్లగా కంపించు విద్యుత్తును పోనిచ్చి, త్వరగా కంపించుదానిని అడ్డగించును. కెపాసిటరు దీనికి విరుద్ధముగా ప్రవర్తించును. రెండింటిని వరుసలుగా కూర్చినచో, కావలసిన హద్దులోపలి కంపనములు మాత్రమే అవతలికి పోవును. ఒక హద్దునకు క్రిందివానిని మాత్రమే పోనిచ్చినచో లో-పాస్, పైవానిని మాత్రమే పోనిచ్చినచో హై-పాస్, నడిమి పట్టీని మాత్రమే పోనిచ్చినచో బ్యాండ్-పాస్ అందురు.

టెలిఫోనువారి పరిశోధనాలయమునందే హోమర్ డడ్లీ అను ఇంజనీరు ఈ జల్లెడలతో యంత్రముచేత మాటలాడించెను. 1939లో న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనమున వోడర్ అను ఆ యంత్రమును జనులకు చూపిరి. దానిలో కంఠమునకు బదులు ఒక గుఱగుఱ నాదము, ఊపిరికి బదులు ఒక బుసనాదము. రెండింటిలో నేది కావలెనో మణికట్టుతో నొక్కి యెన్నుకొనవలెను. శ్రుతిని పాదముతో నడుపవలెను. నోటికి బదులు పది బ్యాండ్-పాస్ ఫిల్టర్లు పది వ్రేళ్ల క్రింద నుండెను. దానిని వాయించిన యువతులు ఏడాది పాటు అభ్యసించినగాని తెలియునట్లు పలికింపలేకపోయిరట. వీణపై ఒక వర్ణమును సాధించుటకు పట్టు కాలమును తలచుకొన్నచో ఇది వింత కాదు. జర్మనీలో ఫ్రీడ్రిక్ ట్రౌట్వైన్ 1930లో చేసిన ట్రౌటోనియమను వాద్యమునందును అచ్చుల స్వభావమును తెచ్చు ఫిల్టర్లుండెను. ఐనను వీనియన్నింటికి ఒక కొఱత. ఫిల్టరు కదలవలెనన్నచో మనుష్యుని చేయి కదలవలెను. రెండు చేతులు శ్రుతికి, లయకు చిక్కియుండగా మూడవ చెయ్యి యెచటినుండి వచ్చును?

ఆ మూడవ చేతిని విద్యుత్తే యిచ్చినది. ఇట రాబర్ట్ మోగ్ కథ వచ్చుచున్నది. ఈయన పేరును పలువురు 'మూగ్' అని పలుకుదురు. ఆయన యింటివారు 'మోగ్' అనియే యనుచుండిరి. తెలుగువానికి ఈ భేదము చిన్నది కాదు. ఒకటి మూగతనమునకు దగ్గఱ, రెండవది మ్రోగుటకు దగ్గఱ! 1934లో పుట్టిన యీయన, న్యూయార్కు రాష్ట్రమున ట్రూమన్స్‌బర్గ్ అను చిన్న యూరిలో విద్యుద్వాద్యపు సామగ్రిని చేసి యమ్ముచు, 1963లో హెర్బర్ట్ డాయిచ్ అను సంగీతోపాధ్యాయుని కలిసికొని, 1964లో ఆయనతో కలిసి క్రొత్తవాద్యమును కూర్చెను. ఆయన పెట్టుకొన్న నియమము గొప్పది. ఒక పెట్టెనుండి వెడలు విద్యుత్తు మఱియొక పెట్టెకు ఆజ్ఞ కావలెను. ఒక వోల్టు హెచ్చినచో శ్రుతి ఒక స్థాయి పైకి పోవలెను. కెనడాలో టొరాంటో విశ్వవిద్యాలయపు సంగీతకర్త గుస్తావ్ చియామాగా, ఫిల్టరును గూడ ఇట్లే వోల్టేజి ఆజ్ఞచేత నడచునట్లు చేసి యిమ్మని ఆయనను కోరెను.

మోగ్ చేసిన ఫిల్టరు పటమును కాగితముపై చూచినచో నిచ్చెనవలె నుండును. జంటలుజంటలుగా ట్రాన్సిస్టర్లు ఒకదానిపై ఒకటి నిలువుగా నిలిచియుండును. వాని నడుమ మెట్లవలె నాలుగు కెపాసిటర్లు అడ్డముగా నుండును. అందుచేత దీనికి నిచ్చెన ఫిల్టరనియే పేరు వచ్చినది. నాదము క్రిందినుండి పైకి ఎక్కుచు ప్రతిమెట్టునను కొంత పదునును కోల్పోవును. హద్దునకు మీద ఒక స్థాయి పైకి పోయినచో బలము పదునాఱవ వంతునకు పడిపోవును. దీనినే లెక్కలవారు 24 డెసిబెల్స్ కోత యందురు. నిచ్చెన పైకొసనుండి కొంతనాదమును తిరిగి మొదటికి త్రిప్పినచో హద్దుదగ్గఱ అనునాదము లేచును. మఱింత త్రిప్పినచో లోనికి ఏ నాదము రాకున్నను ఫిల్టరు తనంతట తానే ఈలవేయును. మోగ్ దీనికి 1966లో దరఖాస్తు పెట్టగా 1969 అక్టోబరు 28న పేటెంటు వచ్చెను. ఈ నడుమనే, 1968లో, వెండీ కార్లోస్ అను వాద్యకారిణి జర్మన్ సంగీతకర్త బాఖ్ కృతులను ఈ వాద్యముపై వాయించి యిచ్చిన రికార్డు అమెరికా అంతట మాఱుమ్రోగెను. అంతవఱకు ప్రయోగశాల వస్తువగు సింథసైజరు ఇండ్లలోని గ్రామఫోనులకు చేరెను.

నిచ్చెన నాదము నిండుగను, మెత్తగను, కాచిన నేతివలె చిక్కగను ఉండునని దాని భక్తులందురు. నా చెవికిని అట్లే తోచును. ఐనను దోషమును చెప్పక తప్పదు. అనునాదమును పెంచినకొలది మంద్రస్థాయి బలము తగ్గిపోవును. కొందఱు దీనినే గుణమనుచున్నారు. అది వారి వారి రుచి.

అదే కాలమున అమెరికా పడమటితీరమున డొనాల్డ్ బుక్లా అనునతడు వేఱుబాట పట్టెను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక టేపు సంగీతకేంద్రమున మోర్టన్ సుబోట్నిక్, రామోన్ సెండర్ అను సంగీతకర్తలు తమకు తగిన వాద్యమును చేసి యిమ్మని ఆయనను అడిగిరి. దానికి రాక్‌ఫెల్లర్ నిధినుండి వచ్చిన సొమ్ము 500 డాలర్లు మాత్రమే. బుక్లా పియానోవంటి మెట్లను పెట్టుటకు ఒప్పుకొనలేదు. పాతమెట్లున్నచో పాతపాటలే పుట్టునని ఆయన భయము. 1967లో సుబోట్నిక్ ఆ వాద్యముపైననే ఒక పూర్తి గ్రామఫోను రికార్డును కూర్చెను.

1970లో వచ్చిన బుక్లా రెండవవరుస వాద్యములందు లో-పాస్ గేటు అను పెట్టె యున్నది. దీని గుట్టు ఒక దీపము. చీకటి గొట్టములో ఒకవైపు చిన్న దీపము, ఎదుట వెలుగు పడినచో విద్యుత్తునకు దారి యిచ్చు ఒక పదార్థము. ఆజ్ఞ రాగానే దీపము వెలుగును, నాదము వెడలును. ఆజ్ఞ పోయిన పిమ్మట ఆ పదార్థము వెంటనే కోలుకొనక మెల్లగా దారి మూయును. అట్లు మూయునపుడు నాదపు బలము తగ్గుటయే గాక, ముందుగా పై ఉపస్వరములును తగ్గును. చేతితో కొట్టిన ప్రతివస్తువు స్వభావమిదియే. మృదంగముపై ఒక 'తోం' వేసి చివరివఱకు వినుడు. మొదట పదును, తరువాత మెత్తదనము, తుదకు గుమికి మాత్రమే మిగులును. మోగ్ ఫిల్టరు గాయకుని నోటివంటిది. బుక్లా గేటు మార్దంగికుని యఱచేతివంటిది. ఇంతకంటె సూటిగా భేదము చెప్పుటకు నాకు తెలియదు.

ఈ కథ మన దేశమునకు ఎంత త్వరగా వచ్చినదో తెలిసినచో మీకు ఆశ్చర్యము కలుగును. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1961లో స్థాపింపబడినది. 1969లో అచటికి మోగ్ సింథసైజరు వచ్చెను. ఇంగ్లండులోనే అట్టివి అరుదుగా నున్న దినములవి. దీనికి మూలపురుషుడు గాదు, మూలవనిత, గీతా సారాభాయి. ఆమె పఖావజ్ వాయించిన విదుషి. 1946లో న్యూయార్కు పోయి, జాన్ కేజ్ అను అమెరికా సంగీతకర్తకు భారతీయ సంగీతతత్త్వమును బోధించి, ఆయనవద్ద పాశ్చాత్యసంగీతమును నేర్చుకొన్నది. గురుదక్షిణలు చెల్లుకు చెల్లు! ఆ స్నేహపు తీగనంటియే కేజ్ సహచరుడగు డేవిడ్ ట్యూడర్ 1969లో అహమ్మదాబాదు వచ్చి ఆ వాద్యశాలను అమర్చెను. గీతా సారాభాయి, ఐ. ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, ఎస్. సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా మున్నగువారు 1972 వఱకు అచట కృతులు కూర్చి టేపులపై నెక్కించిరి.

తరువాత ఆ శాల నిశ్శబ్దమైనది. టేపులు సంస్థ గ్రంథాలయపు బీరువాలలో దశాబ్దములు పడియుండెను. ఇంగ్లండునుండి వచ్చిన పాల్ పర్గాస్ అను కళాకారుడు వానిని వెదకి తీసి, శుభ్రపఱచి, 2023లో రికార్డుగా ప్రకటింపజేసెను. అది వినువఱకు మనవారిలో ఎందఱకు ఈ సంగతి తెలియును? మన దేశమున ఇట్టి వాద్యమును పట్టిన మొదటితరమువారు తాము నేర్చినదానిని రెండవతరమునకు అందింపకుండగనే ఆ పాఠము ముగిసినది. వాద్యము కొనుట ఒక యెత్తు; దానిని నేర్పుపరంపర నిలుపుట వేఱొక యెత్తు. మన వీణకు కొయ్య చెక్కు వడ్రంగియు, పాఠము చెప్పు గురువును ఒకే తాలూకాలో నుండిరి కావున అది నిలిచినది. మోగ్‌కు అట్టి యదృష్టము మనదేశమున లేకపోయినది.

అమెరికాలో 1970ల చరిత్ర త్వరగా చెప్పవచ్చును. ఆర్ప్ అను పోటీసంస్థవారు తమ 2600 వాద్యమున నిచ్చెన ఫిల్టరునే పోలినదానిని వాడి, మోగ్ పేటెంటుతో చిక్కువచ్చుటచే, వేఱురీతి ఫిల్టరునకు మాఱిరి. ఇంగ్లండువారు 1969లో చేసిన వి.సి.ఎస్.3 అను వాద్యములో ట్రాన్సిస్టర్లకు మాఱుగా డయోడ్లతో నిచ్చెన కట్టిరి. జపానులో కోర్గ్ సంస్థ 1978లో చేసిన ఎం.ఎస్.20లో ఒక హై-పాస్, ఒక లో-పాస్ కలిసి, అనునాదము పెంచినచో అఱచునట్టి నాదము నిచ్చును. ఆ జాతి ఫిల్టరునకు మూలమైన పద్ధతి 1955లో శాలెన్, కీ అను ఇద్దఱు ఇంజనీర్లు ప్రకటించినది.

మనకు ముఖ్యమైనది మఱొకటి కలదు. 1967లో కెర్విన్, హ్యూల్స్‌మన్, న్యూకూంబ్ అను మువ్వురు ఒక క్రొత్త ఫిల్టరు పద్ధతిని ప్రకటించిరి. ఒకే వలయమునుండి లో-పాస్, బ్యాండ్-పాస్, హై-పాస్ మూడును ఒకేసారి బయటికి వచ్చును. దీనిని స్టేట్ వేరియబుల్ అందురు. మనము బహురూప ఫిల్టరందము. టామ్ ఓబర్‌హైమ్ 1974లో తన చిన్నపెట్టె సింథసైజరునందు ఈ జాతిఫిల్టరును వాడి ప్రసిద్ధిచేసెను. దీని కోత నిచ్చెనంత నిటారు కాదు. ఒక స్థాయి పైకి పోయినచో బలము నాలుగవ వంతునకు తగ్గును, అనగా 12 డెసిబెల్స్. కావున నాదము కొంత తేటగను, గాలివాటుగను ఉండును.

ఫిల్టరు త్రిప్పుడుబిళ్ల ఎంతటి మార్పు తెచ్చునో చూపుటకు ఒక ఉదాహరణము చాలును. జపానులో రోలాండ్ సంస్థ 1981లో టి.బి.303 అను చిన్నయంత్రమును, తోడు లేక గిటారు సాధన చేయువారికి మంద్రస్వరముల తోడుగా నుండునట్లు, అమ్మకమునకు పెట్టెను. అది తోడువాద్యమువలె వినబడలేదు. కొన్నవారు పెదవి విఱిచిరి. 1984లో దానిని చేయుట మానివేసిరి. ఐతే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అను చలనచిత్ర వాద్యకారుడు దానిని సంపాదించి, 1982లో భైరవ్, లలిత్, కళావతి మొదలగు పది రాగములను దానిపై యంత్రతాళముతో వాయించి రికార్డు చేసెను. అమ్ముడుపోలేదు. 1987లో అమెరికాలోని చికాగోలో ఫ్యూచర్ అను బృందమువారు అదే యంత్రమును పట్టి, స్వరములను అట్లే యుంచి, ఫిల్టరు హద్దును, అనునాదమును చేతితో త్రిప్పుచు పోగా క్రొత్తనృత్యసంగీతమే పుట్టినది. 2010లో చరణ్‌జిత్ గారి రికార్డును ఐరోపాలో మరల అచ్చువేయగా, వినినవారు అయిదేండ్లకు ముందే బొంబాయిలో ఆ నాదము పుట్టియుండెనా యని విస్తుపోయిరి. రాగమునందు గమకము స్వరమును కదిలించును. ఇందు ఫిల్టరు ఉపస్వరములను కదిలించును. రాగమెఱిగినవాని చేతికి ఆ యంత్రము ముందుగా లొంగుట నాకు వింతగా తోచదు. ఆయన 2015లో కీర్తిశేషుడయ్యెను. చివరి సంవత్సరములలో విదేశపు సభలలో ఆ రాగములను మరల వాయించి మెప్పు పొందెను.

ఇక కొనుగోలు మాట. 1995లో జర్మనీలో మ్యూనిక్ సమీపమున డీటర్ డోప్ఫర్ అను ఇంజనీరు ఎ-100 అను మాడ్యులర్ వరుసను ప్రారంభించెను. పెట్టెలన్నియు 128.5 మిల్లీమీటర్ల యెత్తు, ధన ఋణ ధ్రువములకు 12 వోల్టుల విద్యుత్తు, సన్ననితీగలు. ఈ కొలతలను ఇతరులును అవలంబించుటచే యూరోర్యాక్ అను ఒక సర్వసామాన్యపద్ధతి యేర్పడినది. ఒకరి పెట్టె మఱొకరి పెట్టెతో చక్కగా కలియును. అందుచేతనే పూర్వము విశ్వవిద్యాలయములకు మాత్రమే అందిన వాద్యము ఇప్పుడు గృహస్థుని బల్లపైకి వచ్చినది. అందుచేతనే చిక్కును వచ్చినది. నేను చెప్పిన ప్రతి చారిత్రకఫిల్టరునకు నేడొక నకలు దొరకును. క్రొత్తగా మొదలుపెట్టు బిడ్డ ప్రతి గొప్పవాని నాదమును కొనవలెనని తహతహపడును. నాలుగు ఫిల్టర్లు కొని, నాదము పుట్టించు పెట్టె ఒక్కటియే మిగిలి, ఆజ్ఞలిచ్చు పెట్టె లేక కూర్చున్నవారు కలరు. జల్లెడలు నాలుగు, పిండి పిడికెడు!

నా యభిప్రాయమిది. మొదటి ఫిల్టరు బహురూపజాతిది కావలెను. డోప్ఫర్ వరుసలో ఎ-121 ఇట్టిది; ఇతరులును చేయుచున్నారు. నిచ్చెన వేయక ముందు ఇదేల యందురా? నిచ్చెన ఒక్క పనినే అద్భుతముగా చేయును. బహురూపఫిల్టరు ఒకే నాదమునకు తీసివేతలన్నిటిని ఏకకాలమున చూపును. ఒక తీగను లో-పాస్ నుండి హై-పాస్ రంధ్రమునకు మార్చినంతనే, మొదట ఏది పోయినదో, ఇప్పుడు ఏది మిగిలినదో చెవికి తెలియును. నేర్చుకొనువానికి నాదపు సౌందర్యముకంటె ఈ తెలివి ముందు కావలెను. అంతేగాక దాని కోత మెత్తనిది గనుక తప్పు త్రిప్పినను నాదము పూర్తిగా మాయము కాదు.

కొనుటకు ముందు మూడు సంగతులను విచారింపుమని చెప్పుడు. హద్దును కదల్చు వోల్టేజి రంధ్రములు రెండైన నున్నవా? ఒకటి శ్రుతిని వెన్నంటుటకు, ఒకటి కాలముతో కదలుటకు కావలెను. అనునాదమును పెంచునపుడు నాదము మెల్లగా మొనదేలుచున్నదా, లేక అకస్మాత్తుగా కీచుమని అఱచుచున్నదా? పెట్టె త్రాగు విద్యుత్తు మన విద్యుత్పేటిక యిచ్చుదానిలో ఇముడునా? ఇంకొక హెచ్చరిక. పెట్టె వెనుక పట్టీతీగకు ఎఱ్ఱని అంచు ఒకటి యుండును. డోప్ఫర్ పద్ధతిలో ఆ యెఱ్ఱయంచు ఋణ 12 వోల్టుల వైపు నుండవలెను. తలక్రిందుగా తగిలించినచో క్షణములో పెట్టె కాలిపోవచ్చును. మొదటిసారి తగిలించునపుడు తొందర కూడదు.

రెండవ ఫిల్టరును ఆఱు మాసముల వఱకు కొననీయకుడు. అప్పటికి బిడ్డకు ఏమి కావలెనో తనకే తెలియును. తాళమువైపు మనసు పోయినచో బుక్లా జాతి గేటు. అది ఫిల్టరు పనిని, బలము హెచ్చుతగ్గులు చేయు పెట్టె పనిని గూడ చేయుటచే స్థలము కలిసివచ్చును. మంద్రస్థాయి నిండుదనము కావలసినచో నిచ్చెన. డోప్ఫర్ వరుసలోనే ఎ-120 ఆ జాతిది. అఱపు, కరకు కావలసినచో కోర్గ్ జాతి. ఎవరో గొప్పవారు వాడిరని మాత్రము కొనరాదు.

మొదటి దినమున చేయదగిన పరీక్షను గూడ చెప్పెదను. ఉపస్వరములు మెండుగా నున్న రంపపుపళ్ల నాదమును, మనుష్యుని కంఠమంత శ్రుతిలో నుంచి, ఫిల్టరు లో-పాస్ రంధ్రమునుండి వినవలెను. అనునాదమును సగమునకు పైగా పెంచవలెను. హద్దును అడుగునుండి మెల్లగా పైకి త్రిప్పినచో పెట్టె 'ఊ' యనును, తరువాత 'ఓ' యనును, ఆపైన 'ఆ' యనును. ఇంటిలో నున్న పెద్దలను పిలిచి వినిపించుటకు ఇది తగిన సమయము. ఎంత త్రిప్పినను 'ఈ' మాత్రము రాదు. హెల్మ్‌హోల్ట్జ్ చెప్పినట్లు దానికి రెండు అనునాదములు కావలెను, పెట్టెలో నున్నది ఒక్కటియే. బిడ్డ ఆ 'ఈ' కొఱకు వచ్చి రెండవ ఫిల్టరు అడిగిననాడు డబ్బిచ్చుటకు సందేహింపకుడు.